సరేసు పొయ్యిల కాలిన బ్రిడ్జి

పందొమ్మిది వందల అరవై రెండు. ఉగాది పోయినంక వచ్చిన రెండో గురువారం, పొద్దుగాల తొమ్మిదింబావు. గడియారం చూసుడు అప్పటికి నాకు రాదు. హైదరాబాదు నుంచి వచ్చే మోటరు తొమ్మిదింబావుకు నకిరేకల్‌ల మా దుకాణం ముందల ఆగుతది. ఆ మోటరు వచ్చి ఆగింది, ఇంకా కదలలేదు. అందుకే టైము పక్కాగ చెప్తున్న.

నాది వడ్ల పని. బండి చక్రాలు, నాగళ్లు, సాలోళ్ల మగ్గాలకు కావలసిన కట్టె సామాను చేసేటోణ్ణి. వాటితోపాటు ఫిడేళ్లు బాగుచేసుడు కూడా నా చేతికి వచ్చింది. మా దిక్కు హరికథలోళ్లు, నాటకాలోళ్లు తిరిగేటోళ్లు. ఫిడేలు పగిలితే పట్నం దాకా పోలేక నా దగ్గర పడేసేటోళ్లు. అట్ల ఒక హరికథ ఫిడేలాయన పక్కన కూసొని కొంచెం వాయించుడు నేర్చుకున్న. నేర్చుకున్నది కొంచెమే గాని మస్తు తెలిసినోని లెక్క మాట్లాడేటోణ్ణి.

ఫిడేలు సంగతి తెల్వనోళ్లకు ముందుగాల నాలుగు మాటలు. తీగెల కింద నిలబెట్టే చిన్న కట్టె పలకను బ్రిడ్జి అంటరు. మేకులుండవు, కట్టెను అతికే సరేసుండదు. తీగెల బరువుతోటే అది నిలబడతది. దాని నెత్తి కొంచెం గుండ్రంగ ఉంటది. గుండ్రంగ ఉంటేనే తీగెల మీద గుంజే కమాను ఒక్క తీగెకు తగులుతది, పక్క తీగెకు తగలదు. నాకు నేర్పినాయన అట్ల చెప్పిండు. మా నల్లగొండ దిక్కు వాయింపంత అదే. ఒక్క తీగె మీద, పాడేటాయన ఎనుక నీడ లెక్క పోవాలె. పాలమూరు దిక్కు ఇంకో తీరు వాయింపు ఉన్నదని అప్పటికి నాకు తెల్వనే తెల్వదు.

మోటరు దిగిన ముసలాయన గుడ్డసంచి సంకల పెట్టుకొని సక్కగ మా దుకాణంలకే వచ్చిండు. ఎనుక ఈరమ్మ. ఈరమ్మ మా ఊరి సాలోళ్ల కోడలు, మగ్గం సామాను కోసం నా దగ్గరికి వచ్చేది. తండ్రి వస్తున్నడని మోటరుకాడికి ఎదురొచ్చింది.

"బ్రహ్మయ్యన్నా, మా నాయిన. పాలమూరు దిక్కు జడ్చర్ల కాన్నుంచి వస్తున్నడు. మోటరుల ఎవడో ఫిడేలు మీద మిరపకాయ బస్త ఏసిండట," అన్నది.

"ఎవడో ఏంది, నేనే అడిగిన. బస్త మెత్తగుంటది, దాని మీద ఫిడేలు పెట్టుమన్న. వాడు ఫిడేలు మీద బస్త పెట్టిండు," అన్నడు ముసలాయన.

మా తమ్ముడు సత్తయ్య రంపం ఆపి పకపక నవ్విండు. ముసలాయన గూడ నవ్విండు. పేరు నర్సప్ప. సంచిలకెంచి ఫిడేలు తీసిండు. పై పలక మీద జానెడు పొడుగు పగులు.

"పగులొక్కటే అతుకు తమ్మీ. మిగిలిందంత బాగనే ఉన్నది. నాకు పది దినాలే టైము. ఇంటికాడ మగ్గం మీద పడుగు ఉన్నది. ఈ పది దినాలల్ల దీన్ని బిడ్డకు అప్పజెప్పి పోవాలె," అన్నడు. ఎడమ చెయ్యి చాపి చూపిచ్చిండు. వేళ్లు సగమే వంగుతున్నయ్.

ఈరమ్మ చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నదట. అత్తగారింటికి వచ్చినంక అత్త ఫిడేలు ముట్టనియ్యలేదు. ఆ అత్త పోయిన ఏడాదే కాలం చేసింది. మొగనికి ఏం అడ్డం లేదు. మళ్ల మొదలుపెట్టాలెనని తండ్రిని పిలిపిచ్చుకున్నది.

"పగులు ఏడ అదురుతున్నదో వినాలె. జర వాయించు పెద్దాయినా," అన్న.

నర్సప్ప నేల మీద కూసున్నడు. ఫిడేలు తలకాయ కాలి మడమకు ఆనిచ్చి, ఇంకో దిక్కు ఎదకు ఆనిచ్చుకున్నడు. కమాను పెట్టిండు. రెండు తీగెలు ఒక్కసారే మోగినయ్. కింది తీగె ఒక్కటే సురం పట్టుకొని నేల లెక్క కదలకుండ ఉన్నది. ఇంకో తీగె మీద పాట నడిచింది. కమానును మావోళ్ల లెక్క పొడుగ్గ గుంజలేదు. పొట్టి పొట్టిగ, మగ్గం కొట్టినట్టు, ఆ దెబ్బ నడుమ నడుమ చిన్న ఊపు. పగులు అదురుతనే ఉన్నది, అయినా నాకు అది ఇనబడలేదు. చక్రం కోసం వచ్చి కూసున్న ఐలయ్య కాలుతున్న బీడీని మరిచిపోయిండు. మోటరు డ్రైవరు ఇంజను చాలు చెయ్యకుండ కిటికీల మోచెయ్యి పెట్టి కూసున్నడు. నాలుగు నిమిషాలు ఉంటదేమో.

ఇంత విన్నోణ్ణి, నేను చేసిన పని ఏందో చూడండి.

నాకు చదువు లేకుండె. కొలతలకు దారం వాడేటోణ్ణి. ఏ సామాను ఇప్పినా ముందుగాల దారం పెట్టి ఎత్తు, వెడల్పు, మందం కొలిచి ముడులేసేటోణ్ణి. ముడులే నా రాత. ఈ ఫిడేలు తీగెలు ఇప్పంగనే బ్రిడ్జి చేతిల పడ్డది. చూస్తె దాని నెత్తి ఒక దిక్కు చదునుగ ఉన్నది, ఇంకో దిక్కు జారింది. తీగెల గాట్లు ఒకటి లోతు, ఒకటి పైపైన. అరిగిపోయిందనుకున్న. ముసలాయనకు తెల్వక దీంతోనే కష్టపడుతున్నడు, కొత్తది చేసి పెడితె సంతోషపడతడనుకున్న. దారం పెట్టలేదు. అరిగినదానికి కొలతెందుకని సరేసు కాగే పొయ్యిల ఏసిన.

పొయ్యి కాడ మా ఇంటామె లచ్చమ్మ ఉన్నది. "అదేంది పొయ్యిల ఏస్తివి? మన సొమ్మా?" అన్నది.

"పనికిరాని ముక్క," అన్న.

పగులు అతికి, మూడు దినాలు తాడు కట్టి ఆరబెట్టిన. జిట్రేగి కట్టెతోటి కొత్త బ్రిడ్జి చేసిన. నెత్తి మంచి గుండ్రం. నా పని నాకే ముద్దొచ్చింది.

ఆదివారం తండ్రీబిడ్డలు వచ్చిండ్రు. నర్సప్ప కమాను పెట్టిండు. ఒక్క తీగె మోగింది. ఆగి, చెయ్యి వంచి మళ్ల పెట్టిండు. ఒక్కటే మోగింది. జోరుగ ఒత్తితె రెండోది తగిలి కీచుమన్నది. కమాను దింపి కంటి దగ్గర పెట్టుకొని చూసిండు.

"దీని బ్రిడ్జి ఏది?"

"కొత్తది చేసిన పెద్దాయినా. పాతది అరిగి చదునైపోయింది."

"అది అరిగింది గాదు తమ్మీ. మా గురువు కత్తితోటి గీకి గీకి అట్ల చేసిండు. ఏది, ఇటియ్యి."

నేను పొయ్యి దిక్కు చూసిన. ఆయనా చూసిండు. మాట అన్నది ఈరమ్మ.

"మా నాడె చేతికి అరిగి అరిగి నున్నగయితది. పాతబడ్డదని అది గూడ పొయ్యిల ఏస్తవా అన్నా?"

మగ్గం మీద దారం మోసుకుంట అటూ ఇటూ ఉరికే ఆ నాడె చేసేది నేనే. చేతికి అలవాటైన నాడె పోతె నేతగాడు ఎంత తండ్లాడుతడో నాకు తెలుసు.

అప్పటికి నాలుగు దినాలు పోయినయ్. ఆరు మిగిలినయ్. అన్ని పనులు పక్కకు పెట్టిన. ఐలయ్య చక్రం మూలకు పెడితె సత్తయ్య గులిగిండు. ముందుగాల నెత్తి మొత్తం చదును చేసి చూసిన. నాలుగు తీగెలూ కలిసి మొత్తుకున్నయ్. ఎదురుంగ చాయ్ దుకాణం నుంచి మహబూబ్ భాయ్ కేకేసిండు.

"వడ్లాయినా, లారీ బ్రేకు గుద్దినట్టున్నది. నా గిరాకీ పారిపోతున్నది."

రెండోది, మూడోది చేసిన. రెండు తీగెలు కలవాలె, మూడోది తగలొద్దు. కింది తీగె మోగాలె గాని పాటను మింగొద్దు. బియ్యపుగింజల పావువంతు ఎక్కువ గీకితె అటు, తక్కువ గీకితె ఇటు. నర్సప్ప ప్రతిదాన్ని వాయించి చూసి తల అడ్డంగ ఊపుతడు. ఆఖరికి ఫిడేలు నా ఒళ్ల పెట్టిండు.

"వినుడు తోటి అయ్యేట్టు లేదు. నువ్వు పట్టు. చేతికి తెల్వనిది కట్టెకు ఎట్ల చెప్తవ్?"

అట్ల నాకు పాలమూరు వాయింపు నేర్పుడు మొదలువెట్టిండు. నా చెయ్యి మీద చెయ్యేసి కమాను నడిపిచ్చిండు. "తొయ్యకు. నాడె ఇసిరినట్టు ఇడువు. ఇడిసినంక దాన్ని పోనియ్యి, అదే తిరిగొస్తది," అనేటోడు. నా హరికథ చెయ్యి వినదు. గుంజుతది. "మీ దిక్కోళ్లు పాటను ఎడ్లబండికి కట్టి గుంజుతరు," అని నవ్వేటోడు. ఆయన చెయ్యి నా చెయ్యి మీద ఉన్నంతసేపు రెండు తీగెలు కలిసేటియి. తీస్తె పోయేటియి.

ఆరో దినమో ఏడో దినమో ఈరమ్మ గుమ్మంల నిలబడి శానాసేపు చూసింది.

"నాకు నేర్పేటి దినాలు నీకు నేర్పుతున్నడు," అన్నది.

కోపంగ అనలేదు. కోపంగ అంటె నయముండు.

తొమ్మిదో దినం పొద్దుగూకకముందే తొమ్మిదో బ్రిడ్జి అయింది. నర్సప్ప వాయించిండు. కండ్లు మూసుకొని విన్నడు. మేమంత ఆయన మొకం దిక్కు చూస్తున్నం.

"దగ్గరికొచ్చింది," అన్నడు. కమాను దింపి, "దగ్గరికే వచ్చింది," అన్నడు.

ఫిడేలు ఈరమ్మ చేతిల పెట్టిండు. ఆమెకు దొరికింది ఆ ఒక్క పొద్దుమూకు, తెల్లారి ఒక్క పూట. పదో దినం పగటీలి మోటరు ఎక్కేటప్పుడు నేను పోయి కాళ్లు మొక్కిన. "లే తమ్మీ. నువ్వు చేసింది గూడ మంచిగనే ఉన్నది. అది వేరు, ఇది వేరు," అన్నడు. ఆ వానకాలమే పోయిండు.

ఐదేండ్లకు కట్టె కొనడానికి జడ్చర్ల దిక్కు పోయినప్పుడు ఆయన ఊరు వెతుక్కుంట పోయిన. ఆయన గురువు దగ్గర నేర్చుకున్నోళ్లల్ల ఒక్కడు బతికున్నడు. గోడకు ఫిడేలు ఉన్నది గాని తీగెలు లేవు. రెండు తీగెల వాయింపు గురించి అడిగిన. "నర్సప్పే లేకపాయె, ఇంకెవరు వాయిస్తరు. నీకెట్ల తెలుసు అది?" అన్నడు. చాయ్ తాగి వచ్చేసిన.

ఈరమ్మ వాయించుడు ఆపలేదు. వాళ్ల గల్లీల నుంచి పోయేటప్పుడు మగ్గం చప్పుడు ఆగితె నేనూ ఆగేటోణ్ణి. రెండు తీగెలు మోగుతయి. బాగ మోగుతయి. నా చెవి మాత్రం ఇంకోదాని కోసం వెతుకుతది. కింది తీగె నేల లెక్క ఉండెనంటిని గదా, ఆమె వాయిస్తె అది నీళ్ల లెక్క ఉంటది, కదులుతది. ఒకసారి ఆమె బయటికొచ్చి నన్ను చూసింది.

"ఏం వెతుకుతున్నవో నాకు తెలుసన్నా. ఇది మా నాయినది గాదు. నీ కట్టెకు నా చెయ్యి అలవాటైంది. మా నాయినది నాకూ యాదికొస్తది, చేతికి రాదు," అన్నది.

అప్పటినుంచి ఏ ఫిడేలు వచ్చినా తీసిన సామానంత, చివికింది గానీ ఇరిగింది గానీ, గుడ్డల పొట్లం కట్టి దాచుడు మొదలువెట్టిన. పొట్లాలు ముప్పై అయినంక ఏది ఎవరిదో తెలుస్తలేదు. ముడులు పేరు చెప్పవు గదా. పొట్లం మీద పేరు రాయాలెనని నలభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. నేర్పింది మా బిడ్డ. పలక మీద కాదు, చెక్కపేడు మీద సుద్దతోటి. మొదటి పొట్లం మీద రాసిన పేరు నర్సప్పది. ఆ పొట్లంల ఏం లేదు. ఇప్పటికీ ఉన్నది అది, ఉత్త గుడ్డ.

ఈ పని నేర్చుకునేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మనిషి ఏం బాగుచెయ్యమన్నడో అంతే బాగుచెయ్యి. వంకర కనబడితె ముందుగాల అడుగు, అది దెబ్బనా, అలవాటా అని. నీకు తెలిసిన వాయింపు ఒక్కటే వాయింపు అనుకుంటివా, చేతిల ఉలి పట్టకు.

ఆ గురువారం పొద్దుగాల పాత బ్రిడ్జి మీద నర్సప్ప వాయింపు విన్నోళ్ల పేర్లు రాసిపెడుతున్న. మళ్ల ఎవరూ వినలేదు గనుక. ఆయన బిడ్డ ఈరమ్మ. మా తమ్ముడు సత్తయ్య. పొయ్యి కాడ మా లచ్చమ్మ. చక్రం కోసం వచ్చిన ఐలయ్య. చాయ్ గిలాసలు పట్టుకొని రోడ్డు నడుమ నిలబడ్డ మహబూబ్ భాయ్. ఇంజను చాలు చెయ్యని మోటరు డ్రైవరు, ఆయన పేరు అడుగలేదు. ఎదకు ఫిడేలు ఆనిచ్చుకున్న నర్సప్ప. పక్కన సరేసు కలుపుకుంట నేను, వడ్ల బ్రహ్మయ్య.