గతం అందరికీ

సోల్డరింగ్ ఐరన్ మొన మీద సీసం కరిగి ముత్యంలా నిలబడింది. వైండింగాయన దాన్ని నాలుగో బటను కాలికి తాకించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఐరన్ వెనక్కి తీశాడు. అతుకు మెరిసింది. రోజంతా మోటార్లకి రాగితీగ చుట్టే లావుపాటి వేళ్ళకి ఈ సన్నపని మహా చికాకు. చెమట కంట్లోకి కారుతోంది. ఫ్యాను వేద్దామంటే అతుకు సరిగ్గా పట్టదు.

"అయిందా?" గుమ్మంలోంచి అక్క అడిగింది.

"నువ్వడిగినప్పుడల్లా ఇంకాస్త ఆలస్యమవుతోందే అక్కా."

"ఆయన అప్పుడే మైకు తుడుస్తున్నాడురా. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

మేడమీది ఆ చిన్నగదిలో, రేడియో ఉన్న బల్ల ముందు కూర్చుని బావ నిజంగానే మైకు తుడుస్తున్నాడు. పసిపిల్లకి మొహం తుడిచినంత శ్రద్ధగా.

బావ కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయి. మళ్ళీ చూపించుకునేదాకా నోరు విప్పొద్దనీ, గుసగుస కూడా పనికిరాదనీ, మాట వినకపోతే ఆ గొంతు ఇక తిరిగి రాదనీ డాక్టరు కచ్చితంగా చెప్పాడు. గొంతు లేని పాటగాణ్ణి మార్కెట్లో ఎవరు నిలబెట్టుకుంటారు? అందుకని మార్కెట్‌కి సెలవు పెట్టాడు. ఇంట్లో పలకా బలపం పట్టాడు. అంతవరకూ బుద్ధిమంతుడే. ఆదివారం పొద్దునే వస్తుంది తంటా.

ఇళ్ళలో సొంతంగా రేడియో స్టేషన్లు పెట్టుకున్న సరదా మనుషులు ఆ పొద్దున రేడియోలోనే ఒకచోట కలిసి కబుర్లు చెప్పుకుంటారు. ఆ కొలువు తెరిచేది బావ. జ్వరమొచ్చినా వానొచ్చినా ఆయనే తెరిచాడు. పోయిన ఆదివారం ఇంత చెప్పినా వినకుండా మైకు అందుకున్నాడు. ఆ తర్వాత మంచినీళ్ళు మింగడానికే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నేను తెరుస్తాలే బావా," అన్నాడు వైండింగాయన. అతనికీ రేడియో లైసెన్సు ఉంది.

బావ పలక మీద రాశాడు: "నువ్వు మాట్లాడితే మోటారు తిరిగినట్టుంటుంది."

తెల్లారితే ఆదివారం. అందుకే ఈ పెట్టె. బావ గొంతునే ఒక చిప్పులోకి ఎక్కించి, నాలుగు బటన్లకి నాలుగు మాటలు కట్టడం. మొదటిది నొక్కితే పలకరింపు, రెండోది నొక్కితే "వినబడుతోంది, సాగించండి", మూడోదానికి "మళ్ళీ చెప్పండి", నాలుగోదానికి సెలవు. బటను నొక్కితే చాలు, రేడియో పంపడానికి తిరుగుతుంది, మాట తనంతట తనే వెళ్ళిపోతుంది. గొంతు కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. "మీరు ఎంత గట్టిగా అరుస్తారో మీరే వినండి" అని దెప్పడానికి అక్క ఎప్పుడో బావ కబుర్లని ఫోన్లో రికార్డు చేసి పెట్టింది.

వైండింగాయన మూత బిగించి, పెట్టె వైరుని రేడియోకి తగిలించాడు. అవతల ఊళ్ళో, ఆ కొలువులోని కోళ్ళఫారం ఆయన తన రేడియోలో వినడానికి సిద్ధంగా ఉన్నాడు.

మొదటి బటను నొక్కాడు.

"అయ్యా, గొంతు వెనకాల పెద్ద తుమ్మెద ఎగురుతోంది," అన్నాడు కోళ్ళాయన స్పీకర్లోంచి.

రేడియో పంపే శక్తి మళ్ళీ పెట్టె వైరులోకే దూరి గొడవ చేస్తోందన్నమాట. ఇది తెలిసిన జబ్బే. పెట్టె లోపలి బోర్డుని ప్లాస్టిక్ డబ్బాలోంచి తీసి రేకు డబ్బాలోకి మార్చాడు. వైరుని నల్లటి ఇనుప ఉంగరంలోంచి చుట్లు చుట్టాడు. తీగ చుట్టడం చేతికి తెలిసిన పని కనక అదొక్కటీ సుఖంగా సాగింది.

తుమ్మెద పోయింది. మళ్ళీ నొక్కాడు.

ఈసారి కోళ్ళాయన గొంతు కాస్త కంగారుగా పలికింది: "అయ్యా, మీ పెట్టె 'గతం అందరికీ' అంటోందండీ. ఎవరు గతించారు? పెద్దాయన బాగానే ఉన్నారు కదా?"

బావ భుజాలు ఎగిరెగిరిపడ్డాయి.

"నవ్వకండి! నవ్వినా గొంతే!" అక్క కసిరింది.

వైండింగాయనకి నవ్వు రాలేదు. 'స్వాగతం అందరికీ' అని కదా ఎక్కించింది. 'స్వా' ఏమైంది? వైరు పీకి, చిన్న స్పీకరు తగిలించి వింటే పెట్టె శుభ్రంగా "స్వాగతం అందరికీ" అంది. రేడియోకి తగిలించగానే "గతం అందరికీ". బటను సరిగ్గా అంటుకోవట్లేదేమోనని బటను మార్చాడు. గతం. కెపాసిటర్ మార్చాడు. గతం. చిప్పు పీకి, కాళ్ళు గీకి, మళ్ళీ గుచ్చాడు.

"గతమేనండీ," అన్నాడు కోళ్ళాయన. "రెండోది కూడా 'నబడుతోంది' అంటోంది. మీరు విసుక్కోకండి, నాకు కోళ్ళ గోల అలవాటే."

వైండింగాయన స్క్రూడ్రైవర్ని బల్లమీద విసిరేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి బల్ల కిందికి పడింది. దానికోసం వంగితే తల బల్లకి తగిలింది. పనికిమాలిన చిప్పు, పనికిమాలిన రేడియో, నోరు మూసుకుని ఒక్క ఆదివారం కూర్చోలేని పనికిమాలిన బావ. ఎవర్ని ముందు తిట్టాలో తేల్చుకోలేక తల రుద్దుకున్నాడు.

లేచేసరికి మొహం ముందు పలక. "నీ వల్ల కాదు. పొద్దున నేనే మాట్లాడతా. నాలుగు ముక్కలే."

"నాలుగు ముక్కలకే గొంతు పోతుందన్నాడు బావా డాక్టరు!"

బావ పలక తుడిచేసి మైకు తీసుకున్నాడు. అక్క మొహం పాలిపోయింది. తమ్ముడి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది: "నువ్వు ఎక్కించేటప్పుడే ఏదో పాడు చేసి ఉంటావురా. అసలుది నా ఫోన్లో ఉంది, విను."

"నేను పాడు చేశానా? బాగు చేశాను. చెత్తంతా తీసేసి ఎక్కించాను."

అక్క వినిపించుకోకుండా ఫోన్ మోగించింది. బావ గొంతు గదంతా నిండింది. బాగున్న రోజుల గొంతు, మార్కెట్ ఆ చివరకి వినిపించేది.

"ఆఁ... స్వాగతం అందరికీ."

వైండింగాయన చెయ్యి తల మీదే ఆగిపోయింది.

ఆ 'ఆఁ'! బావ ఏ మాటైనా దాంతోనే మొదలుపెడతాడు. ఇంట్లో, మార్కెట్లో అందరూ ఏడిపిస్తారు. వైండింగాయన అందరికంటే ఎక్కువ ఏడిపించాడు. 'గేదె అరిచినట్టుంటుంది బావా' అని పెళ్ళిలో కూడా అన్నాడు. అందుకే ఎక్కించేటప్పుడు నాలుగు మాటల మొదట్లోనూ ఆ 'ఆఁ'ని ముచ్చటగా కత్తిరించి పారేశాడు.

"ఇంకోసారి వినిపించు," అన్నాడు.

"ఆఁ... స్వాగతం అందరికీ."

బటను నొక్కాక ఆ పాత రేడియో వినడం మానేసి పంపడానికి తిరగాలంటే లోపల రిలే అనే చిన్న మీట టక్కుమనాలి. దానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తలో ఏ అక్షరముంటే దాన్ని మింగేస్తుంది. ఇన్నేళ్ళూ అది మింగింది 'ఆఁ'నే. అతను దాన్ని తీసేస్తే 'స్వా'ని మింగింది.

"బావా, ఇది నీకు తెలుసా?"

బావ మైకు పక్కన పెట్టి, తీరిగ్గా బలపం వెతుక్కుని రాశాడు: "రేడియో నిద్ర లేవాలి కదరా. నువ్వు గేదె అన్నావు."

"ఇందాకే రాసి చావొచ్చు కదా!"

బావ మళ్ళీ రాశాడు: "నువ్వు తీసేశావని నాకేం తెలుసు?"

వైండింగాయన పళ్ళు నూరుకుంటూ నాలుగు మాటలూ చెరిపేశాడు. ఫోన్లోంచి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాడు, ఈసారి వేలు కత్తెర మీదకి పోకుండా. రెండోదాంట్లో 'ఆఁ' పొట్టిగా ఉంటే, మొదటిదాంట్లోది తెచ్చి అతికించాడు. మూడోదాంట్లో బావ 'ఆఁ' అంటూ దగ్గాడు. దగ్గు కూడా ఉంచేశాడు. మింగేది ఎలాగూ రేడియోనే.

"స్వాగతం వచ్చిందండోయ్!" అరిచాడు కోళ్ళాయన. వెనకాల కోళ్ళు కూడా అరిచాయి.

పొద్దున బావ స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేసరికి పెట్టె బల్ల మీద ఉంది. నాలుగు మూలలా స్క్రూలు బిగించి ఉన్నాయి. బటన్ల కింద తెల్ల టేపు మీద పేర్లున్నాయి. వైండింగాయన మైకు ఊడదీసి, వైరు చుట్టి, అక్క చేతికిచ్చాడు. అక్క దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి చీర కొంగుకి ముడేసుకుంది.

బావ కుర్చీలో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి మైకుండే చోటికి వెళ్ళింది. అక్కడేం లేదు. బావమరిది వైపు కోపంగా చూశాడు.

వైండింగాయన పెట్టెని ఆ చేతి కిందికి జరిపాడు. "ఇదుగో, నీ గేదె. నొక్కు."

బావ నోరు మూసుకుని, మొదటి బటను నొక్కాడు.