బి.ఎ. గారి లెఫ్టు

దారి చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలని మా ఊళ్ళో కొందరికి పిచ్చి పట్టిన కాలమది. ఆ కొందరిలో నేనూ ఉన్నాను. బడిలో రెండో తరగతి దాటనివాణ్ణి, తిరుపతి తేరు వీధిలో ఒక చిన్న పుస్తకం కొని, మేకలు తోలుకుంటూ ‘గో స్ట్రెయిట్, టర్న్ రైట్’ అని వల్లె వేసేవాణ్ణి. అంతకుముందు మా వైపు ఎవరూ కుడి ఎడమలతో దారి చెప్పలేదు. తూర్పు, పడమర అనేవారు. ఎవరూ తప్పిపోలేదు.

యుద్ధం రోజుల్లో మా అక్కకు కాన్పు కష్టమైంది. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. మిషను ఆసుపత్రి తెల్ల దొరసాని డాక్టరమ్మ కారులో వస్తోందని కబురొస్తే, దారి చూపమని నాయన నన్ను కార్వేటినగరం రోడ్డు చీలిక దగ్గరికి పంపాడు. ఊళ్ళోని మిరాసీదారు అల్లుడు అక్కడే షికారు చేస్తున్నాడు. మద్రాసులో బి.ఎ. చదివిన ఘనుడు.

కారు ఆగింది. డాక్టరమ్మ తల బయటికి పెట్టి, “ఏమప్పా, మీ ఊరికి యాడ తిరగాల?” అని అచ్చం మా యాసలోనే అడిగింది.

పడమర అంటే చాలు. నేను ఇంగ్లీషు ముక్క కోసం వెతుక్కుంటున్నాను.

“తప్పుకోరా, నువ్వేం చెప్తావు!” అని అల్లుడుగారు నన్ను నెట్టి, కారుకు ఎదురుగా నిలబడి, “ప్లీజ్ టర్న్ లెఫ్ట్, మేడమ్” అన్నాడు. ఊరున్నది ఆయనకు ఎడమవైపు, కారుకు కుడివైపు. పెద్దల ముందు ఎడమ చెయ్యి చాపరాదు గనుక, చేతులు కట్టుకునే చెప్పాడు. ఎంత మర్యాద!

డ్రైవరు తన ఎడమకు తిప్పాడు. “ఆడ కాదు!” అని అరుస్తూ దుమ్ములో పరిగెత్తాను. వంక దగ్గరికి చేరేసరికి చక్రాలు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. అక్కడ బట్టలుతుకుతున్న చాకలామె కూడా వచ్చి కారును తోసింది.

“ఎవురబ్బా ఈ దోవ సెప్పింది?”

“బి.ఎ. సదివినాయన.”

“సదివినాడా! ఊరు పడమట ఉండాదని నీ మేకలకు గూడా తెలుసు గదా!”

కారు బయటపడేసరికి పొద్దు వాలింది. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు. ముందే వచ్చి ఉంటే అని డాక్టరమ్మ అనలేదు. అల్లుడుగారు మాత్రం దొరసానితో ఇంగ్లీషు మాట్లాడిన వైభవం ఏళ్ళ తరబడి అరుగు మీద చెప్పుకున్నాడు.

నేను ఆయన్ని తిడుతుంటే అక్క ఒకసారి, బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అంది:

“ఆయమ్మ తెలుగులోనే అడిగింది గదరా. నీకు నోరు యాడ పోయినాది?”