ఓబులమ్మ బరువు, అత్తగారి మజ్జిగ

1936. మార్కాపురంలో ఒక చిన్న ఆస్పత్రికి నేను డాక్టరును. మదరాసులో చదివి, కేలరీల లెక్క కంఠస్థం చేసి వచ్చినవాణ్ణి. తిన్న తిండి ఒంటికి ఎంత వేడినిస్తుందో కొలిచే లెక్క అది. మా రోగుల్లో ఆ లెక్కతో తిండి తగ్గించవలసినవాళ్లు అరుదు. తగ్గించడానికి ముందు కొంత తిని ఉండాలి కదా.

అలాంటి అరుదైన రోగి పక్కనున్న పెద్దారవీడు అనే పల్లెకు చెందిన ఓబులమ్మ. గొర్లు, పాడి ఎనుములు ఉన్న ఇల్లు. ఐదుగురు పిల్లలు. నడుం వాల్చే తీరిక లేదు, అయినా బరువు పెరుగుతూనే ఉంది. మోకాళ్లు వంగడం లేదు. పెద్దకూతురు తొలి కాన్పుకు ఎండాకాలంలో పుట్టింటికి రాబోతోంది.

“బిడ్డను కాళ్ల మీద ఏసుకొని నీళ్లు పోయాల. నేను పీట మీద కూలబడితే లేపేదానికి ఇద్దరు కావాల. వచ్చినోళ్లు బాలింతను చూస్తారా, నన్ను లేపుతారా?” అంది.

ఏం తింటావని అడిగితే ఏమీ తిననంది. అది అబద్ధం కాదు. ఆమె లెక్కలో కంచం ముందు కూర్చుంటేనే తినడం. పిల్లలు వదిలేసిన సంగటి, నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలే గసి, ఇవన్నీ గిన్నెలు కడగడంలో భాగం. వాటిని మాన్పించి, రాత్రి సంగటికి బదులు మజ్జిగ తాగమన్నాను.

మా ఆస్పత్రిలో మందులు తూచే త్రాసు తప్ప మనుషులను తూచేది లేదు. వేరుసెనగ దుకాణంలో కాటా ఎక్కించాము. మణుగంటే దాదాపు పాతిక పౌన్లు. ఏడు మణుగులు తూగింది. దుకాణదారు అలవాటుకొద్దీ గోతాం బరువు తీసేయబోయాడు.

దీపావళికి అర మణుగు తగ్గింది. దుకాణదారు ఆశ్చర్యపోయాడు. ఆయన కాటా మీద తగ్గేది అమ్మవచ్చిన రైతుల సరుకు మాత్రమే. ఆ తర్వాత ముల్లు కదలలేదు. తగ్గుతున్న బరువు ఇలా ఒకచోట నిలబడిపోవడాన్ని ఇంగ్లీషులో ప్లాటో, అంటే పీఠభూమి, అంటారని, చిక్కిన ఒంటికి తిండి అవసరమూ తగ్గుతుందని ఆమెకు చెప్పి, సంగటి ముద్దను ఇంకా చిన్నది చేశాను. శివరాత్రికి పావు మణుగు పెరిగింది.

“నీ లెక్క ఏందో అయ్యా, తినకుంటే పెరుగుతాది,” అంది.

పుస్తకం తిరగేశాను. అందులో పెద్దారవీడు లేదు.

ఆ నెలలోనే చిన్నవాడికి జ్వరమంటే వాళ్లింటికి పోయాను. ఓబులమ్మ అత్త చెన్నమ్మ, కోడలి కోసం పెట్టిన కుండలోంచే నాకూ ఒక చెంబు మజ్జిగ ఇచ్చింది. తాగి మీసం తుడుచుకుంటే రుమాలు జిడ్డయింది. నెలల తరబడి నేను తాగమన్న మజ్జిగ ఇది.

“అవ్వా, ఇందులో వెన్న తీయలేదా?”

“ముందు తీసేదాన్నే నాయనా. కోడలు చిక్కింది, అత్త కూడు పెట్టలేదని బాయి కాడ ఆడోళ్లు అంటాండారు. అప్పటినుంచి తీయలేదు. నీకేం, నువ్వు మార్కాపురంలో ఉంటావు. నీళ్లకు ఆ బాయికి నేను పోవాల.”

ఆమెకు కేలరీలు వివరించి ప్రయోజనం లేదు. పరువు ఆ కొలతకు లొంగదు. అయితే కోడలి కడుపు మాడ్చినా అత్తకు మాట రాని ఏర్పాటు ఈ సీమలో ఒకటుంది. దాని పేరు పథ్యం. అది పాటించనివ్వని అత్తకే మాట వస్తుంది. ఒక సీసాలో సోంపు నీళ్లు పోసి, రోజూ తాగాలని, దానికి పథ్యం ఉందని చెప్పాను. వెన్న పూర్తిగా తీసిన మజ్జిగే పథ్యం. అవి సోంపు నీళ్లేనని కూడా దాచకుండా అత్తాకోడళ్లిద్దరికీ చెప్పాను. చెన్నమ్మ నన్ను జాలిగా చూసింది.

“ఆ మాట బయట అనొద్దులే, నాయనా.”

మర్నాడే ఆ సీసా ఆమెతోపాటు బాయికాడికి పోయిందట. కోడలికి నోరు కట్టించే పని డాక్టరు తన చేతుల్లో పెట్టినాడని అందరికీ చెప్పిందట. అటుపైన ఆమె కాపలా ముందు నా వైద్యం ఎంత? వెన్నపూస దారి మళ్లింది. కాటా ముల్లు మళ్లీ కిందికి కదిలింది.

ఎండాకాలంలో మనవరాలు పుట్టింది. ఓబులమ్మ పీట మీద కూర్చొని, బిడ్డను కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోసి, తనంతట తానే లేచిందని చెన్నమ్మే వచ్చి చెప్పింది. గొప్పంతా పథ్యానిదేనంది, అంటే తనదేనని.

మనిషికి రోజుకు ఎంత తిండి కావాలో కాలేజీలో నేర్చుకున్నాను. దాన్ని తగ్గించాలంటే వడ్డించే చేతికి ఊళ్లో మాట రాకుండా చూడాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. అప్పటినుంచి బరువు తగ్గాలని ఏ కోడలు వచ్చినా, ఆమెను వరండాలో కూర్చోబెట్టి, ముందు అత్తను లోపలికి పిలిచేవాణ్ణి.