సున్నం బట్టి పొగ మీద చాటింపు

గుండయ్య గొంతు తెలియని ఇల్లు జహీరాబాద్ పక్కన మా ఊళ్లో లేదు. వయసంతా డప్పు కొట్టి చాటింపులు వేశాడు. “పటేలు హుకుం” అని మొదలుపెడితేనే అది చాటింపు, లేకపోతే తాగినవాడి అరుపు కింద లెక్క. అందులో తన మాట ఒక్కటీ కలిపి ఎరగడు మహానుభావుడు.

ఆ పటేలు చంద్రప్పదే సున్నం బట్టి. బొంబాయి రోడ్డు మీద లారీలు పెరిగాక పాత టైర్లు చవగ్గా దొరికాయి. కట్టెలకు బదులు అవే కాల్చడం మొదలుపెట్టాడు. పడమటి గాలి వీస్తే ఆ నల్లపొగ నేరుగా మా వాడ మీదికే. అరవై రెండు ఎండాకాలంలో ఇంకా చంటిపిల్లగా ఉన్న గుండయ్య మనుమరాలికి ఊపిరాడక పెదవులు నీలమయ్యాయి. ఇంకోసారి ఆ పొగ పీలిస్తే పిల్ల దక్కదని, పొగ రాకముందే వాడ దాటించమని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

ముందు తెలిస్తే కదా దాటించేది. గుండయ్య వెళ్లి చేతులు కట్టుకుని అడిగాడు.

“అంటించే ముందు ఒక్క మాట చెప్పుండ్రి పటేలా. ఊర్లె చాటుత. పసిపిల్లలున్నోళ్లు జర పక్కకు పోతరు.”

“నా బట్టి విషమని నేనే చాటించుకోవాల్నా? అసొంటి చాటింపేస్తే డప్పు గుంజుకుంట” అన్నాడు చంద్రప్ప.

కొన్నాళ్లకే ఒక పొద్దున బట్టిలోకి టైర్లు దొర్లిస్తూ కూలీలు కనిపించారు. గాలి పడమటిది. గుండయ్య కూతురు సంగమ్మను పిల్లతో సహా, బట్టికి అవతల పడమటనున్న మొగుడంపల్లి దారి పట్టించాడు. తన పిల్ల గండం గడిచింది, ఇక నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండలేదు. డప్పు తీసుకుని వీధిలోకి వచ్చాడు.

“బట్టి అంటిస్తున్నరు. పొగ ఇటే వస్తది. పిల్లల్ని తీసుకొని గాలికి ఎదురుగ, బట్టి దాటి పడమటి దిక్కు పోండ్రి.”

ఒక్కరూ కదల్లేదు. ఎదురింటి పీటర్ చంటివాణ్ని చంకనేసుకుని, తాపీగా “ఎవరి హుకుం?” అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అప్పటికే చంద్రప్ప వీధి మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. గుండయ్య ఆయన్ని చూశాడు.

“నాదే” అన్నాడు. “గుండయ్య చెప్తుండు.”

పీటర్ పిల్లవాడితో బయల్దేరాడు. వెనకే మేమంతా కదిలాం. పొగ వచ్చేసరికి వాడలో పసిపిల్ల లేదు. చంద్రప్ప కూడా అన్నంత పనీ చేశాడు, డప్పు గుంజుకున్నాడు.

మళ్లీ బట్టికి సున్నపురాయి దిగిన సాయంత్రం, చంద్రప్ప భార్య లక్ష్మమ్మ గుండయ్య గుడిసె ముందు నిలబడింది. ఆమె మా వాడలో కాలు పెట్టడం అదే మొదలు. చంకలో మనుమడు ఆగకుండా దగ్గుతున్నాడు.

“రేపు పొద్దుగాల అంటిస్తరు. నేను చెప్పిన్నని ఆయనకు తెల్వొద్దు” అంది. “డప్పు లేకున్నా నువ్వు చాటు గుండయ్యా. నీ మాట ఇన్నట్టే పిల్లగాన్ని తీస్కపోత. మా ఇంటి ముంగట జర గట్టిగ చాటు.”