మా అన్న నడిచిన పట్టాలు

నేను సిరిసిల్లలో సాంచాల జాబర్‌ని. సాంచా అంటే మా దగ్గర పవర్‌లూమ్. అది మొరాయిస్తే విప్పి, సరిచేసి, మళ్లీ నడిపించేవాడు జాబర్. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని, ఎక్కడైనా వంకర కనిపిస్తే అన్నం సహించదని నా వెనక అనుకుంటారు. ముందర కూడా అంటారు. నిజమే. ఆ గుణమే నన్ను చిన్న రైళ్ల పిచ్చిలోకి దింపింది. చివరికి నా కొంప ముంచింది కూడా ఆ గుణమే.

నాలుగేళ్ల కిందట ఆర్డర్లు లేక సాంచాలు నెలల తరబడి మూతపడ్డాయి. ఖాళీగా కూర్చుని ఫోన్ చూస్తుంటే ఒక తెల్ల ముసలాయన వీడియో వచ్చింది. ఆయన తన ఇంట్లో బల్ల మీద ఒక రైల్వే స్టేషన్ కట్టుకున్నాడు. పిల్లల బొమ్మ కాదు. పట్టాలు, వాటి కింది స్లీపర్లు, స్లీపర్లకు పట్టాను బిగించే క్లిప్పులు, కంకర, గోడకు పట్టిన పాచి, అన్నీ అసలు కొలతలను ఒకే లెక్కన తగ్గించి చేసినవి. ఆ వీడియో మూడుసార్లు చూశాను. తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. మర్నాడే మొదలుపెట్టాను.

అసలు సైజులో ఎనభై ఏడో వంతు. ఆ లెక్కన మన రైలు పట్టాల మధ్య దూరం పందొమ్మిది మిల్లీమీటర్ల మీద కొంచెం వస్తుంది. బయట దొరికే రెడీమేడ్ పట్టాలు పదహారున్నరే, ఎందుకంటే అవి తెల్లవాళ్ల దేశాల ఇరుకు లైన్లకు చేసినవి. చాలామంది వాటితోనే సరిపెట్టుకుంటారు. రెండున్నర మిల్లీమీటర్లు ఎవరు చూస్తారులే అంటారు. నేను చూస్తాను. అందుకని ఒట్టి పట్టా తీగ తెప్పించుకుని, స్లీపర్లు ఒక్కొక్కటి అచ్చులో పోసుకుని, లైను నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మా ఇంటావిడ నాకు ఏదో గాలి సోకిందనుకుంది.

మా అన్న అసలు రైల్వే మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. మా నాయన రుద్రంగిలో కూలి చేసేవాడు, మాకు గుంటెడు భూమి లేదు. అన్నకు పట్టాలు బాగుచేసే రైల్వే గ్యాంగులో ఉద్యోగం దొరికాకే మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. నన్ను సిరిసిల్ల తీసుకొచ్చి సాంచాల పనిలో పెట్టింది కూడా అన్నే. చివరి పదిహేనేళ్లు కోరుట్ల దగ్గర కీమన్‌గా చేశాడు. కీమన్ అంటే రోజూ తన వంతు ఆరు కిలోమీటర్ల లైను నడవాలి. భుజం మీద సుత్తి. ఊడిన క్లిప్పును కొట్టి బిగించాలి, పట్టాలో పగులుందేమో చూడాలి. పోయిన దారినే తిరిగి రావాలి.

నా పనితనం చూపిస్తే నవ్వేవాడు.

"నీ బొమ్మబండి మంచిగనే ఉన్నది తమ్మీ. గని ఒక్కపారి అచ్చి నాతోని నడువు. పట్ట అంటే ఏందో నీ కాళ్లకు తెలుస్తది."

"అస్తనే అన్నా, తీరిక దొరకని."

"సలికాలం రా. ఎండల రాకు. ఎండకాలం అస్తె మాకు పానం నిలువది. ఇనుము ఎండకు పెరిగి పట్ట వంకర పోతది. మంది పగటిపూట తిని పండుకున్న యాళ్లకు మేం లైను మీద తిరుగుతం."

నాకు ఈ పిచ్చి పట్టకముందు నుంచీ ఏటా పిలిచాడు. ఏటా ఏదో సాంచా పని అడ్డమొచ్చింది, లేదా అడ్డమొచ్చిందని చెప్పాను. ఆరు కిలోమీటర్లు పోను, ఆరు కిలోమీటర్లు రాను. అన్నతో ఒక్క పూట నడవడానికి నాకు పదిహేనేళ్లలో తీరిక దొరకలేదు.

రిటైర్మెంటు రెండేళ్లుందనగా, వానాకాలంలో, డ్యూటీలోనే పడిపోయాడు. గ్యాంగు వాళ్లు జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయారు. పక్షవాతం. నేను చేరుకునేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. 'ఆ' అనే ఒక్క శబ్దం మిగిలింది. మనిషి అర్థం చేసుకుంటున్నాడు, కళ్లలో తెలుస్తోంది. అంత మాటకారి మనిషి నోరు తెరిచి, ఏమీ రాక, మళ్లీ మూసుకుంటుంటే నేను చూడలేక బయటికొచ్చి పైపు కింద మొహం కడుక్కున్నాను. ఇంకోసారి వస్తే మాత్రం చెప్పలేమని డాక్టరు అన్నాడు.

"లైను మీద నడువకుంట గా మనిషి ఎట్ల బతుకుతడు?" అంది మా వదినె. ఆమె నన్ను అడగలేదు, గోడకు చెప్పుకుంది.

ఏం చేయాలో తోచక అన్న పక్కన కూర్చుని ఫోన్లో ఆ తెల్ల ముసలాయన వీడియో పెట్టాను. అన్న ఎడమ చెయ్యి మెల్లగా వచ్చి ఫోను మీద ఆగింది. వేలితో పట్టా పొడవునా గీస్తూ పోయాడు. స్క్రీను చివరికి వచ్చాక వేలు అక్కడే ఆపి నా వైపు చూశాడు.

"అన్నా, నీ లైను నీ మంచం కాడికి తెస్త," అన్నాను.

నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టులో ఇంకా సుత్తి పట్టిన బలం ఉంది. అన్న పోయేలోపు తన లైను చూడాలి. నాకు ఇక వేరే పని లేదనుకున్నాను.

కొలతల కోసం అన్న గ్యాంగు మేటుతో కలిసి ఆ లైను నడిచాను. మేటు అంటే గ్యాంగుకు పెద్ద. తక్కువ మాట్లాడే మనిషి. ఒకచోట, ఈతచెట్ల నీడలో, పలకరాయి ఒకటి చూపించి "మీ అన్న గీడ్నే సద్ది తినేటోడు," అన్నాడు. రాయి మధ్యలో నున్నగా అరిగి ఉంది. టేపు తీసి దాన్నీ కొలిచాను. కొలుస్తుంటే ఏడుపొచ్చింది. అన్న బతికుండగానే అన్న లేని లైను మీద నడుస్తున్నాను. ఈ నడకకు నన్ను ఎన్నిసార్లు పిలిచాడు!

ఆ రాయి ఉన్నచోటు నుంచి ఒక వంపు దాకా ఎంచుకున్నాను. అసలులో మూడు వందల యాభై మీటర్లు, నా లెక్కలో నాలుగు మీటర్లు. మూడు చెక్క పలకలుగా విడదీసి మోసుకుపోయేలా చేశాను. స్లీపర్లు ఐదు వందలకు పైనే పోశాను. గ్రానైట్ పొడిని బట్టలో జల్లించి కంకర చేశాను. పక్కన పసుపు చేను, కాగితం ఆకులు ఒక్కొక్కటి కోసి గుచ్చాను. పట్టాకు తుప్పు రంగు ఎక్కడ ముదురో ఎక్కడ లేతో ఫోటోలు ముందు పెట్టుకుని వేశాను. అన్న రాయి గోరంత వచ్చింది. మధ్యలో అరుగు కూడా తీశాను.

ఇక నా తప్పు. పట్టా తీగ మీటరు ముక్కలుగా వస్తుంది. రెండు ముక్కలు కలిసేచోట వెంట్రుకంత సందు వదలాలి. వీడియోల్లో అందరూ వదులుతారు. చూశాను. చేతగాక వదులుతున్నారనుకున్నాను. మా పనిలో సందు ఉంటే అది తప్పే. పడుగులో నాలుగు పోగులు వదులైతే బట్ట పాడైపోతుంది, మాకు తెలిసిన ధర్మమంతా బిగించడమే. ప్రతి అతుకునూ ఆనించి, టంకం పెట్టి, ఆకురాయితో నున్నగా రుద్దాను. గోరు పెట్టి గీసినా అతుకెక్కడో తెలియదు. ముప్పై ఏళ్ల జాబర్‌నని మురిసిపోయాను. ఇనుము ఎండకు పెరుగుతుందని అన్న చెప్పిన మాట నాకు గుర్తులేక కాదు. అది పెద్ద లైను సంగతి అనుకున్నాను.

సంక్రాంతి దాటేసరికి మూడు పెట్టెల ప్యాసింజరు బండి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి కూడా పడకుండా నడిచింది. అప్పుడే మా వదినె ఫోన్ చేసింది.

"అయినంత కాడికి తెస్తే ఏమైతది? రోజు వాకిట్లకు సూస్తున్నడు."

"ఇంక ఈతచెట్లున్నయి వదినె. పది రోజులు."

ఈత ఆకు నార నాకు నచ్చినట్టు కుదరలేదు. చేసి తీసేశాను, మళ్లీ చేశాను. ఆ పది రోజులు నాలుగు నెలలయ్యాయి. మంచంలో పడ్డ మనిషి ఈతాకు సన్నగా ఉందా దొడ్డుగా ఉందా చూడడని నాకు తెలియదా? తెలుసు. నా కన్ను ఒప్పుకోలేదు. నా కన్నును నేను ఎప్పటికీ క్షమించను.

మే నెలలో ట్రాలీ ఆటోలో మూడు పలకలూ వేసుకుని, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరాను. అన్న ఇంటి ముందు గది రేకులది. కిటికీ పక్కన అన్న మంచం. ఆయనకు ఎదురుగా రెండు బెంచీలు కలిపి లైను పరిచాను. వదినె దిండ్లు పెట్టి అన్నను కూర్చోబెట్టింది.

అన్న ఎడమ చెయ్యి చాపి, వంపు దగ్గర మొదలుపెట్టి, స్లీపరు స్లీపరునూ తాకుతూ వచ్చాడు. రాయి దగ్గర వేలు ఆగింది. వేలి కొసతో దాన్ని రుద్దాడు. కన్నీళ్లు కారిపోతున్నాయి, నోరు నవ్వుతోంది. పది నెలల్లో ఆ నవ్వు మొదటిసారి చూస్తున్నానని వదినె అంది. నా జన్మకు అది చాలనిపించింది. అక్కడితో పలకలు సర్దేసి ఉంటే బాగుండేది.

"ముందుగాల అన్నం తినుండ్రి, బండి తర్వాత నడుపుదువు," అంది వదినె. ఆమె అన్నకు తినిపించి, నేను తిని, చెయ్యి కడుక్కునేసరికి రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటలూ కిటికీలోంచి ఎండ పలకల మీదే ఉంది. పైన రేకులు కాలిపోతున్నాయి. నేను పట్టాల వైపు చూడలేదు. అన్న మొహం వైపే చూస్తున్నాను.

బండి కదిలించాను. వదినె తన ఫోన్లో వీడియో తీస్తోంది. బండి సగం దూరం వచ్చిందో లేదో అన్న ఎడమ చెయ్యి పైకి లేచింది. నిటారుగా, అరచెయ్యి బండి వైపు. "ఆ... ఆ..." అన్నాడు.

"సూడు వదినె, అన్న బండికి చెయ్యి ఊపుతున్నడు," అన్నాను. పట్టలేక నవ్వాను. అన్న సంతోషం చూసి స్పీడు పెంచాను.

రాయికి జానెడు ఇవతల పట్టా పక్కకు పొంగి ఉంది. బండి దాని మీదికి ఎక్కి, పక్కకు ఒరిగి, మూడు పెట్టెలూ పసుపు చేన్లో పడ్డాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. పట్టాను తిట్టాను, ఎండను తిట్టాను. అన్న చెయ్యి ఇంకా పైనే ఉంది. "ఏం కాలేదన్నా, బొమ్మనే గదా," అంటూ నేనే ఆ చెయ్యి పట్టి కిందికి దించాను. అన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. సాయంత్రం దాకా పిలిచినా ఇటు తిరగలేదు. అలసిపోయాడేమో అనుకున్నాను.

పలకలు సిరిసిల్లకు తెచ్చి, ప్రతి అతుకునూ కోసి, సందులు వదిలి, మళ్లీ వేశాను. పని పూర్తయిన వారంలోనే అన్నకు రెండోసారి వచ్చింది. జగిత్యాల దాకా కూడా పోలేదు, దారిలోనే ప్రాణం పోయింది.

పదకొండో రోజున వచ్చినవాళ్లు టెంటు కింద భోజనాలు చేస్తున్నారు. అన్న ఆఖరి రోజుల్లో ఎంత సంతోషపడ్డాడో చూపిద్దామని మేటును పక్కకు పిలిచి, వదినె నాకు పంపిన వీడియో పెట్టాను. ఆయన చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి చూసి ఫోను నా చేతికిచ్చాడు.

"మీ అన్న చెయ్యి ఊపుతలేడు బిడ్డా. బండి ఆపుమంటున్నడు."

నాకు అర్థం కాలేదు.

"పట్ట వంకర కనవడ్డది గాయినకు. చేతుల జెండ లేకపోతె రెండు చేతులు పైకెత్తి బండికి ఎదురు నిలవడాలె. డ్రైవరు గది సూసే బ్రేకు కొడతడు. గాయినకు ఒక్కటే లేసింది."

అన్న తన నడకలో ఉన్నన్నాళ్లూ ఆ లైను మీద ఒక్క బండి కూడా పడలేదట. అది కూడా మేటే చెప్పాడు, తల దించుకుని.

ఆ వీడియో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. చెయ్యి లేచేటప్పుడు బనీను కింద కుడి భుజం కూడా ఎగురుతుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పెనుగులాడుతున్నాడు. ఆ చెయ్యి రాదు. దాని వెనక నా నవ్వు వినిపిస్తుంది.

వదినెకు చెప్పలేదు. ఇంటికెవరు వచ్చినా ఆమె ఫోను తీసి ఆ వీడియో చూపిస్తుంది. మొన్న నేను పోయినప్పుడు నాకూ చూపించింది.

"సూడు, మీ అన్న ఎట్ల చెయ్యి ఊపుతున్నడో. గా దినం గాయిన మస్తు ఖుషీగుండె."

"అవ్ వదినె," అన్నాను.