రాజాకి నేను ధైర్యం నేర్పిన వైనం

ఆ రోజుల్లో ఉద్యోగం రావడం ఒక ఎత్తు, అది పర్మనెంటు కావడం ఇంకో ఎత్తు. డెబ్భైల చివర్లో చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరిన నేను, నా పనితనం చూసి పర్మనెంటు చేసేంత అమాయకులు అక్కడ ఎవరూ లేరని మొదటి వారంలోనే గ్రహించాను. అందుకే మా ఆఫీసరు (వెనకాల మేమంతా 'దొర' అనేవాళ్లం) తన పొమేరియన్ కుక్క రాజాకి పిరికితనం ఎక్కువైందని దిగులుపడినప్పుడు, "కుక్కలంటే నాకు ప్రాణం సార్, మా ఇంట్లో నాలుగుండేవి" అనేశాను. (మా ఇంట్లో ఉన్నవి రెండు బర్రెలు. అవి కూడా నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవి.)

మర్నాటి నుంచి రాజాని పొద్దున్నే మునిసిపల్ పార్కుకి తీసుకుపోయి ధైర్యం నేర్పే బాధ్యత నా మీద పడింది. దొర భార్య మద్రాసు నుంచి తెప్పించిన రబ్బరు బాతు ఒకటి ఇచ్చింది. నొక్కితే కీచుమంటుంది. నేను దాన్ని విసిరేవాణ్ణి. రాజా ఒకసారి బాతు వంక, ఒకసారి నా వంక చూసి, తాపీగా కూర్చునేది. నేనే పరుగెత్తి తెచ్చుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి మా ఇద్దరిలో ఒకరికి శిక్షణ బాగా వంటబట్టింది. గేటు దగ్గర టీ బంకు నడిపే పెద్దాయన అదంతా చూసి, "ఏమప్పా, కుక్క నిన్ను బాగా ఆడిస్తా ఉండాదే!" అన్నాడు.

ఆయన ఎర్రకుక్క ఒకరోజు వచ్చి బాతుని నోట కరుచుకుంది. అంతే, అన్నాళ్లూ కన్నెత్తి చూడని బాతు, ఇంకొకరి నోట్లో కనబడగానే రాజాకి ప్రాణమైపోయింది. (మా ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ విషయంలోనూ ఇదే జరిగేది.) ఆవేశంగా ఎగిరి వెళ్లి, ఎర్రదాని ఒక్క గుర్రుకి వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ పైకెత్తేసింది. కాసేపు దాన్ని వాసన చూసి, ఎర్రది ముందుకాళ్లు చాచి తోక ఊపుతూ ఆటకి పిలిచింది. ఆనాటి నుంచి రోజూ రెండూ బాతు చెరో కొస పట్టుకుని లాగడమే. దొరకి మాత్రం నేను, "రాజా వస్తే పార్కులో కుక్కలన్నీ పరారు సార్" అని చెప్పేవాణ్ణి.

ఒక ఆదివారం దొర ఆ పరాక్రమం కళ్లారా చూద్దామని భార్యతో సహా వచ్చేశాడు. రాజా సరిగ్గా అప్పుడే ఎర్రదాని ఎదుట కాళ్లు పైకెత్తి పడుకుని ఉంది. బాతు తల ఒకచోట, మొండెం ఒకచోట. దొర భార్య నవ్వి, "పోనీలెండి, వీడికొక తోడు దొరికినాడు" అంది. దొర రాజాని చంకనెత్తుకుని ఇంటిదారి పట్టాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్లి, "నేనెప్పుడూ కుక్కని పెంచలేదు సార్" అని ఒప్పుకున్నాను.

"తెలుసప్పా," అన్నాడు దొర. "మొదటి దినమే ఏదో కుక్క మొరిగితే, రాజా నీ ఎనక దాక్కుంటే నువ్వు దాని ఎనక దాక్కున్నావంట. టీ బంకాయన చెప్పినాడు."

"మరి రోజూ నేను చెప్పేది ఎందుకు విన్నారు సార్?"

"పొద్దున్నే నాకాడికొచ్చి మంచి మాట చెప్పేటోడు ఈ ఆఫీసులో ఇంకెవడుండాడప్పా? అబద్దమైనా బాగుండె."

పర్మనెంటు ఉత్తర్వు మరుసటి ఏడాది అందరితోపాటే వచ్చింది. అందులో రాజా చలవేమీ లేదు. ఇప్పుడు రిటైరయ్యాను. డాక్టరు చెప్పిన నడక కోసం పొద్దున్నే లేవాలంటే పది సాకులు వెతుక్కుంటాను. బాతు వెంట తనే పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. చెప్పబోయే అబద్ధం కోసమైనా వాడు రోజూ ఎంత హుషారుగా లేచేవాడో!