నాగగొలుగు ఎక్కడుందో చెప్పని మా వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయిందన్న కబురు నాకు పలమనేరులో, పాలకేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యాన్లతో ఇంటికి వస్తుండగా అందింది. పుత్తూరు బస్సు దిగిన వాళ్ళ ఊరి మనిషి నా సైకిలుకు అడ్డం వచ్చి, "అన్నా, మీ పాప వాళ్ళత్త రాత్రి పండుకొని పొద్దున లేయలేదు" అన్నాడు. నాకు మొదట ఏమనిపించిందో చెబితే మీరు నవ్వుతారు. ఆమె నిజంగానే పోయిందా, లేక తాను పోతే మేమంతా ఏం చేస్తామో చూద్దామని కళ్ళు మూసుకొని పడుకుందా అని అనుమానం వచ్చింది. అంత అనుమానం మనిషి ఆమె. ఇన్నేళ్ళ చుట్టరికంలో నాకూ కొంత అంటుకుంది.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. ఆవులు, గడ్డి, పాలు తప్ప వేరే ముచ్చట తెలియదు. కానీ చావింటికి పోయి ఇంత ఆనందం మోసుకొచ్చిన తండ్రి ఈ జిల్లాలో ఇంకెవడైనా ఉంటాడా అని నా సందేహం. చెప్పుకోకపోతే నిలవలేను, అందుకే రాస్తున్నాను.

మా పాపను చూడ్డానికి వచ్చిన రోజు ఆమె ఇంట్లోకి రాలేదు. నేరుగా పశువుల కొట్టంలోకి పోయి, పాపను పిలిపించి ఆవు పొదుగు దగ్గర కూర్చోమంది. ఆవు తోక కూడా విసరకుండా నిలబడింది. అప్పుడు బయటికి వచ్చి, "మనుషులు ఇంటికొచ్చినోళ్ళ ముందర నటిస్తారన్నా. గొడ్డుకు అది చేతగాదు" అని కాళ్ళు కడుక్కుంది. అంతే, సంబంధం ఖాయం.

పాలకోవా తీసుకుపోతే వేళ్ళమధ్య నలిపి, వాసన చూసి, "పిండి కలపలేదు కదా?" అనేది. రేడియోలో వాన పడుతుందని చెబితే, "వాడు మోడం సూసి చెప్తా ఉండాడా, కాగితం సూసి చెప్తా ఉండాడా?" అని అడిగేది. తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకొని, నిద్రలో కూడా దానిమీద చెయ్యి వేసుకొని పడుకునేదట. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మా పాప చేతికి ఒక్క తాళంచెవి ఇవ్వలేదు. నా బెంగంతా అదే. ఆ ఇంట్లో నా బిడ్డ ఎప్పటికైనా ఇంటి మనిషి అవుతుందా, పలమనేరు నుంచి వచ్చిన పరాయిదానిగానే ఉండిపోతుందా?

ఇక నాగగొలుగు సంగతి. పాపకు తొలికాన్పు మా ఇంట్లోనే జరిగింది. కబురు అందగానే వియ్యపురాలు బస్సెక్కి వచ్చింది, ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన సంచితో. సంచిలో ఏముందని కండక్టరు అడిగితే, "నీ ముక్కు" అందట! గుడ్డ విప్పితే చిన్న కొమ్మ. నూనె రాసినట్టు మెరిసే చిట్టి ఆకులు, కొసన తెల్లని పూలు, నిమ్మపూతను తలపించే వాసన. దాన్ని పురిటిగది గుమ్మానికి తన చేత్తోనే కట్టింది. కొండకింద ఉన్న వాళ్ళ ఊళ్ళో పాముల భయం ఎక్కువ. బిడ్డ పుట్టిన ఇంటికి నాగగొలుగు కొమ్మ కడితే పాము ఆ గడప తొక్కదని వాళ్ళ నమ్మకం. ఆ చెట్టు ఎక్కడుందో ఊళ్ళో ఒక్క ఆడమనిషికే తెలుసు. అది మా వియ్యపురాలే. వాళ్ళత్త ఆమెకు చూపించిందట.

"యాడ పెరుగుతాది చెల్లెమ్మా ఇది?" అన్నాను.

"కొండలో."

"కొండలో ఏ పక్క?"

"పచ్చంగా ఉండే పక్క."

నేను వదల్లేదు. ఒక మొక్క తెచ్చిస్తే మా పెరట్లో నాటుకుంటానన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నాటితే అందరూ సూస్తారు. సూస్తే కోస్తారు. కొండకు ఆ పక్క వంకనిండా ఉన్నింది అన్నా ఇది. బండల సందులో, నీడపట్టున, తడి ఉండే చోట. ఎండలకు కొండంతా మోడైనా ఇదొక్కటే ఆకు రాల్చదు. ఒకడు సూసినాడు. కట్టె పసుప్పచ్చగా, దంతం మాదిరి గట్టిగా ఉంటాది కదా, గొడ్డలి పిడికని ఒకడు, దువ్వెనకని ఒకడు వేర్లతో సహా పీక్కపోయినారు. ఇప్పుడు ఆడ ఉత్త బండలే. మొగోడికి చెట్టు సూపిస్తే వాడికి పిడే కనపడతాది."

"నా కొడుక్కి కూడా చెప్పలేదు" అని కూడా అంది, నా చేతిలో ఉన్న కర్ర వైపు చూస్తూ.

పోయిన చలికాలం నేను వాళ్ళ ఊరికి పోయినప్పుడు పాప చేతులనిండా గీతలు కనిపించాయి. రవిక భుజం దగ్గర చిరిగి ఉంది.

"ఏంది పాపా ఇది?"

"కట్టెలకు పోయినా నాయనా."

పెరట్లో చూస్తే కట్టెలు నా ఎత్తున పేర్చి ఉన్నాయి. ఇన్ని ఉండగా మళ్ళీ కట్టెలకు పోయే పనేముంది? అల్లుణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "నాకేం తెలుసు మామా? ఇద్దరూ తెల్లారకముందే యాడికో పోతారు, వస్తారు. అడిగితే మా అమ్మ 'నీకేంటికి రా' అంటాది" అన్నాడు.

వియ్యపురాలినే నిలదీశాను. "నా బిడ్డను యాడికి తీసకపోతా ఉండావు చెల్లెమ్మా?"

ఆమె చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "నీ బిడ్డ నీ ఇంట్లో ఉన్నింది అన్నా. ఈడ ఉండేది నా కోడలు. గమ్మునుండు."

ఆ మాటకు నాకు అన్నం సహించలేదు. నా బిడ్డతో ఎవరి చేలోనో కూలి చేయిస్తోందా, ఏ గుట్టమీదో రాళ్ళు మోయిస్తోందా అని బస్సులో పలమనేరు దాకా రకరకాలుగా ఊహించుకుంటూ వచ్చాను. మా ఇంటావిడ, "ఆయమ్మ మాట ముల్లే గానీ మనసు అట్లాంటిది కాదులే" అంది. నేను నమ్మలేదు.

తర్వాత ఈ చావు. కర్మంతరం దాకా నేను అక్కడే ఉన్నాను. ఊరంతా ఏడ్చింది గానీ, ఆ ఏడుపులో ఒక గుసగుస కూడా ఉంది. చెట్టు జాడ ఆమెతోనే పోయిందా? ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. "నీకేమన్నా చెప్పిందా?" అని ఆమె తోడబుట్టిన చెల్లెల్ని అడిగారు. కొడుకును అడిగారు. మా పాపనూ అడిగారు. పాప అంట్లు తోముతూ, "నాకేం తెలుసు? మా అత్త నాకు ఉప్పుకుండ తాళమన్నా ఇచ్చిందా?" అంది. అందరూ నమ్మారు. కన్నతండ్రిని, నేనూ నమ్మాను!

కర్మంతరం అయిన మర్నాడు, మైల వదిలిన ఉదయం, కింది వీధి కుర్రవాడొకడు గుమ్మం ముందు తలవంచుకొని నిలబడ్డాడు. అతని భార్య తెల్లవారుజామున ప్రసవించింది. అలవాటుకొద్దీ ఈ ఇంటికి వచ్చాడు, వచ్చాక ఎవరిని అడగాలో తెలియలేదు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

పాప లేచింది. చెయ్యి కడుక్కొని, చూరులోంచి కొడవలి తీసి, కొంగు నడుముకు చుట్టుకుంది. "బిడ్డకు నీళ్ళు పోయించు. నేను వచ్చేసరికి గుమ్మం కడిగి పెట్టండి" అని అతనితో అంది.

పక్కింటి ముసలామె నోరు తెరిచింది. "నీకు సూపించిందా మ్మే? ఎప్పుడు?"

"మా అత్త ఎవురికీ చెప్పొద్దనింది" అంది పాప.

ఆ గీతలన్నీ కొండ ముళ్ళ గీతలు. ఆ తల్లి కడుపున పుట్టిన కొడుక్కి, తోడబుట్టిన చెల్లెలికి చూపించనిదాన్ని నా బిడ్డకు చూపించింది. తాళంచెవులదేముందండీ! ఆ ఊరి పసిబిడ్డల గడపలన్నీ నా బిడ్డ చేతిలో పెట్టిపోయింది. నాకు గంతులు వేయాలనిపించింది. చావిల్లని గుర్తుకు వచ్చి తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. ఆ మహాతల్లి కాళ్ళకు మొక్కే భాగ్యం బతికి ఉండగా నాకు లేకపోయింది.

అప్పుడు నేనెన్నడూ చూడనిది చూశాను. పాప వీధిలోకి దిగగానే అరుగులమీది మగవాళ్ళందరూ, ఎవరూ చెప్పకుండానే, గోడవైపు తిరిగారు. ఒకాయన పంచె సర్దుకున్నాడు. ఇంకొకాయన గోడమీది సున్నం గోటితో గీకసాగాడు. మా అల్లుడు తలవంచుకొని లోపలికి పోయాడు. నేనూ తిరిగాను. కానీ వెనక పాప మట్టెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఏ సందు తిరుగుతుందో నా చెవికి తెలిసిపోతుందేమోనని భయమేసి, గోడకేసి గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను. నన్ను చూసి పక్కాయనా దగ్గాడు. కాసేపటికి వీధి మొత్తం దగ్గుతోంది.